కుతాయిసి ఇంటికి ఎమ్మిగనూరు గడప

తెల్లవారి ఐదూ నలభైకి ఆదోని స్టేషన్లో దిగాను. హైదరాబాదులో విమానం దిగి, రాత్రి రైలెక్కి, రాయచూరు మీదుగా వచ్చాను. చేతిలో ఒక పెట్టె, పర్సులో ముడి వేసిన దారం ఒకటి. ఆ దారం కోసమే ఇంత దూరం వచ్చానంటే నవ్వుతారు గానీ నిజం అదే.

జార్జియా దేశంలో కుతాయిసి అనే ఊరుంది. అక్కడ డాక్టరు చదువుకు వచ్చిన తెలుగు పిల్లలకు మెస్సులో వండిపెట్టడం నా పని. ఎనిమిదేళ్ళలో నాలుగు అద్దె గదులు మారాను. ఐదోసారి మూట కట్టే ఓపిక లేక, దాచుకున్నదంతా ఊడ్చి, ఒక పాత భవనం ఐదో అంతస్తులో ఒకటిన్నర గది కొన్నాను. చిల్లర వేస్తే తప్ప లిఫ్టు కదలని భవనం అది. పరాయి దేశం వాళ్ళు కూడా అక్కడ ఫ్లాటు కొనుక్కోవచ్చు, రిజిస్ట్రేషను నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడమని అనలేదు, అదేదో సులువనుకున్నట్టున్నారు.

తాళం చేతికొచ్చి రెండు నెలలైనా నేనింకా మెస్సు వెనక గదిలోనే పడుకుంటున్నాను. కారణం మా ఇంటి పద్ధతి. కొత్త ఇంట్లోకి పెద్దకూతురు ముందు గడప దాటాలి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. మా చిన్నతనంలో అమ్మానాన్న మిరపకాయలు కోయడానికి ఏటా గుంటూరు వైపు పోయేవాళ్ళు. ఇంటికి తాళం వేసి కుటుంబమంతా అట్లా పనికోసం పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. పట్టల గుడారం వేసిన ప్రతి చోటా అమ్మ ఒక కట్టెనో రాయినో అడ్డం పెట్టి, ఇదే గడప అని చెప్పి, అక్కను మొదట దాటించేది. అప్పుడే అన్నానికి ఎసరు పెట్టేది.

ఆ అక్క పేరు నరసమ్మ. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. కూలికి పోయి నన్ను ఇంటరు దాకా చదివించింది. అమ్మానాన్న పోయాక నందవరంలో మా ఇంట్లో తనొక్కతే ఉంటోంది. ఆమెకు నేను, నాకు ఆమె, అంతే. పోయినేడు తనకు పాసుపోర్టు కూడా తీయించాను. ఫ్లాటు కొన్న రోజు వీడియో కాల్‌లో అంతా తిప్పి చూపిస్తే, కిటికీని మెచ్చుకోలేదు, వేడినీళ్ళ కొళాయిని మెచ్చుకోలేదు. "గడప యాడుందే?" అంది. అక్కడ ఇనప తలుపు, దాని కింద వేలెడు రేకు తప్ప ఏమీ లేదు. "గడప ల్యాని ఇంటికి నేను యాడ వచ్చేది?" అని ఫోను పెట్టేసింది.

సరే, గడప లేకపోతే చేయిద్దాం అనుకున్నాను. తలుపు వెడల్పుకు దారం కొలిచి ముడి వేసి, పది రోజులు సెలవు పెట్టి బయలుదేరాను. తిరుగు ప్రయాణంలో గడపనూ అక్కనూ ఇద్దరినీ వెంటబెట్టుకుపోవాలని నా ఆశ.

స్టేషన్ బయట బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నలభై రూపాయలు. ఎనిమిదేళ్ళుగా నేను ఆ పిల్లలకు ఉగ్గాని చేసి పెడుతున్నాను, ఒక్కనాడూ ఈ రుచి రాలేదు. బొరుగులు వేరో, నీళ్ళు వేరో తెలియదు. ఆటోకు ఇరవై ఇచ్చి బస్టాండుకు పోయాను.

ఏడుంపావుకు ఎమ్మిగనూరు బస్సు. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం. నా కార్డు మీద ఇంకా నందవరం అడ్రసే ఉంది గనక నాకూ సున్నా రూపాయల టికెట్టు దొరికింది. పత్తి తీసే కాలం. మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు ఎదురొస్తుంటే బస్సు ఆగి ఆగి పోయింది. రోడ్డు పక్క కంపచెట్లకు పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి.

నా పక్కన కౌతాళం ఊరి పెద్దామె ఒకరు కూర్చున్నారు. మాటల్లో సగం కన్నడం. కూతురి కాన్పుకు పోతున్నారట. నేనెక్కడ ఉంటానో, ఎందుకు వచ్చానో అంతా రాబట్టి, చివరికి ఒక ప్రశ్న వేశారు.

"అంత దూరంలో ఇల్లు కొంటివి. ఈడ ఇంటికి బీగం ఏసేదెవరమ్మా?"

"మా అక్క ఉంది కదవ్వా."

"ఆమెను తోడుకొని పోతాండా అంటివి?"

నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఆమె అడిగింది తప్పేమీ కాదు, అక్క కూడా వస్తే ఆ ఇంటికి తాళం పడేదే.

ఎనిమిదీ ఇరవైకి ఎమ్మిగనూరు. బస్టాండు నుంచి నడిచిపోయే దూరంలో వడ్ల మౌనేశప్ప వడ్రంగి దుకాణం. మా నాన్న నాగలి చెక్కించుకున్నదీ ఆయన దగ్గరే. డెబ్బై దాటినా బాడిశ పట్టిన చెయ్యి వణకదు. నేను దారం తీసి చూపించి సంగతి చెప్పాను. ఆయన దారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"తలుపు లోపలికి తెరుచుకుంటాదా, బయటికా?"

నాకు గుర్తు రాలేదు. రోజూ మీదికి పోయి తాళం తీసి, చూసుకొని వచ్చే దాన్ని, అయినా గుర్తు రాలేదు. మెస్సులో ఉన్న ఒక పిల్లకు ఫోను చేసి, ఐదో అంతస్తుకు పంపించి కనుక్కుంటే బయటికే అని తేలింది. ఆ పిల్ల లిఫ్టుకు పెట్టిన చిల్లర నాకు బాకీ అని కూడా చెప్పింది.

మౌనేశప్ప నవ్వాడు. "ఇల్లంతా అయినంక గడప తెచ్చి తగిలించేది యాడన్నా ఉందామ్మా? మొదట గడప నిలబెట్టి, దానిమీద దర్వాజా, దాని సుట్టూ గోడ లేపుతాం. నువ్వు కొస నుంచి మొదలుపెట్టినావు."

"అయితే కాదా అప్పా?"

"కాదని యాల అంటా? బిగించేది కాకుండా, పెట్టి తీసేది సేసిస్తా. యాడ పెడితే ఆడే గడప."

ఎండిన వేపమొద్దు ఒకటి దుకాణంలోనే ఉంది. కోసి, చిత్రిక పట్టి, నడుమ ఒక పద్మం చెక్కి, జారకుండా అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాడు. మధ్యాహ్నం హోటల్లో భోజనం చేసి వచ్చేసరికి నూనె పూస్తున్నాడు. పద్దెనిమిది వందలు అడిగాడు, ఇచ్చాను. ఏడు కిలోలు తూగింది. విమానంలో వేసేవాళ్ళకు చెబుతున్నాను, పెట్టెల లెక్కలోనే పోతుంది, పొడవు ముందే కనుక్కోండి.

నాలుగున్నరకు నందవరం ఆటో దొరికింది. లోపల పదిమందిమి. గడపను కాళ్ళ దగ్గర పెడితే ఒక పెద్దాయన బల్ల అనుకుని దానిమీద కూర్చున్నాడు.

"తాతా, లెయ్యి! అది గడప. దాని మీద కూర్చోకూడదు."

"ఇల్లు యాడుందో సూపియ్, లేస్తా," అన్నాడాయన. ఆటో అంతా నవ్వు. నేనూ నవ్వాను గానీ గడపను లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. నందవరం చేరేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

అక్క చేను నుంచి ఆరింటికి వచ్చింది. పత్తి తీసే ఆడవాళ్ళు పన్నెండు మందికి తనే మేస్త్రి. పని మాట్లాడేది, కూలి ఇప్పించేది అన్నీ తనే. గడపను చూసి చేతులు కడుక్కొని వచ్చింది. పద్మం మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. "బాగా సేసినాడు," అంది. ఆ రాత్రికి కొర్రన్నం, గోంగూర పప్పు.

నేను టికెట్టు మాట ఎత్తాను. అక్క లేచిపోయి బియ్యం డబ్బాలోంచి పాసుపోర్టు తీసి నా ముందు పెట్టింది.

"నేను రాను, ఈరీ," అంది నా పేరు పెట్టి పిలిచి.

"గడప లేదంటివి. చేయించుకొని వస్తిని కదా!"

"గడప ల్యాని ఇంటికి రానంటి. ఉంటే వస్తానని అంటినా?"

నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఎవరికోసం కొన్నానన్నాను, కూలికి పోయి చదివించింది చాలు, ఇక కూర్చుని తినమన్నాను. అక్క నేను అలిసిపోయేదాకా విన్నది.

"సుగ్గికి తిరిగి తిరిగి నా కాళ్ళు అరిగినాయి మే. అమ్మ పోయిన దినమే అనుకుంటి, ఇంగ ఈ ఇంటికి బీగం ఎయ్యనని. నేనూ ఆడికే వస్తే ఇదేమైతాది? ఒకటి మూసి ఇంగోటి తెరిస్తే రెండిండ్లు ఎట్లయితాయి?"

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

మిగిలిన వారం మామూలుగానే గడిచింది. పొద్దున తన వెంట చేనికి పోయి నేనూ పత్తి తీశాను. వేళ్ళు మరిచిపోలేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా ఫోన్లో నా ఇల్లు చూసి, మంచు పడితే బట్టలు ఎక్కడ ఆరేస్తావని అడిగారు. వాళ్ళు నవ్వినప్పుడల్లా నవ్వాను. లోపల మాత్రం ఒకటే గుబులు. ఏడు కిలోల కట్టె మోసుకుపోయి, దాన్ని ఎవరు దాటితే పొయ్యి వెలిగించాలి? ఆ ఇల్లు అట్లా చీకట్లోనే ఉండిపోతుందా?

ప్రయాణం రోజు తొలి ఆటోకే ఎమ్మిగనూరు, అక్కడి నుంచి బస్సుకు ఆదోని. సాగనంపడానికి అక్క వచ్చింది. గడపను నన్ను ముట్టుకోనివ్వలేదు, గోనెపట్టాలో చుట్టి తనే నెత్తిన పెట్టుకుంది. హైదరాబాదు బండి తొమ్మిదిన్నరకు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికని మైకులో చెప్పారు. రెండు నిమిషాలే ఆగుతుంది.

బండి వచ్చి ఆగింది. నా బోగీ తలుపు ముందు జనం మూగారు. అక్క నెత్తి మీది గడపను దింపి, గోనెపట్టా ఊడదీసి, సరిగ్గా ఆ తలుపుకెదురుగా నేల మీద పెట్టింది. కొంగు ముడిలోంచి పసుపు తీసి రెండు కొసలా పూసింది. చెప్పులు విడిచింది.

సూటుకేసు పట్టుకున్న ఒకాయన తొందరగా దాటబోయాడు.

"ఆగన్నా!" అని అడ్డంగా చెయ్యి చాపాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. "మా అక్క ముందు దాటాల!"

ఆయన బిత్తరపోయి ఆగాడు. వెనకవాళ్ళూ ఆగారు. ఎవరో ఏమైందన్నారు, ఇంకెవరో గృహప్రవేశమంట, ఇల్లు చేరుతున్నారంట అన్నారు. అక్క కుడికాలు ఎత్తి, గడపను తాకకుండా, నిదానంగా దాటి అవతల నిలబడింది. మా అమ్మ గుడారాల ముందు దాటించినప్పుడు కూడా అట్లాగే దాటేది.

"ఇంగ నువ్వు రా," అంది.

నేను దాటి బండెక్కాను. సూటుకేసాయనే గడపను ఎత్తి బోగీలో పెట్టాడు. బండి కదిలేలోపు నా పెట్టె కూడా అందించాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. అక్క చెప్పులు చేతిలో పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తింది.

"పాలు పొంగినంక ఫోన్ సెయ్యి!"

తుంగభద్ర వంతెన దాటేదాకా నేను కూర్చోలేదు. సూటుకేసాయన జరిగి చోటిచ్చి, కొత్తిల్లు ఎక్కడని అడిగాడు. చెప్పాను. ఆయన టిఫిను డబ్బా మూత తీశాడు. వాళ్ళావిడ కట్టిచ్చిన చపాతీ ఒకటి నా చేతిలో పెట్టాడు.

రెండిళ్ళున్నవాళ్ళకు ఎప్పుడూ ఒక ఇంటి బెంగ ఉంటుందని నాకీ ప్రయాణంలో తెలిసింది. ఆ బెంగ నాకిష్టమే. ఐదో అంతస్తులో గడప పెడతాను, పొయ్యి వెలిగిస్తాను. కుతాయిసిలో ఎవరైనా ఈ ఇల్లు ఎప్పుడు చేరావని అడిగితే, ఆదోనిలో, రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద, పొద్దున తొమ్మిదిన్నరకు అని చెబుతాను.