తొమ్మిదో రోజున తొట్టిలో పోసిన సీసా

ద్రాక్ష కోతకొచ్చిన నాటి నుంచి వైన్ సీసాల్లోకి చేరేదాకా ముక్కమ్మ సబ్బు ముట్టదు, తలకు నూనె రాయదు. వాసనే ఆమె కొలబద్ద. ఆ పేరు వచ్చిందీ అందుకే. అక్కాబావల షెడ్డులో ఆరేళ్లుగా వైన్ చేసేది ఆమె. సీసా మీద "ద్రాక్ష తప్ప మరేదీ కలపలేదు" అన్న వాక్యం కింద సంతకమూ ఆమెదే.

తెల్లద్రాక్షను చిదిపాక ఆమె రసాన్ని తొక్కల నుంచి వేరుచేయదు. పరిమళమంతా తొక్కల్లోనే ఉంటుంది. పులిసేకొద్దీ అవి పైకి తేలి గట్టిపడతాయి. రోజుకు మూడుసార్లు చెక్క తెడ్డుతో లోపలికి అదమాలి. తొమ్మిదో రోజుకల్లా పరిమళం మాయమై పులిసిన పిండి వాసన మిగులుతుంది. ఓపిక పడితే పన్నెండో రోజుకు ఆ పరిమళం దానంతటదే తిరిగి వస్తుంది. ఈ సంగతి బావకు ఏటా చెప్పింది. ఏటా తలూపాడు.

పదో రోజు ఉదయం తొట్టి మూత తీయగానే ఆమె తల వెనక్కి తీసుకుంది. గులాబీ వాసన. తోటలో పూసే గులాబీ కాదు, సెలూన్‌లో గడ్డం గీశాక మెడకు పూసేది.

"బావా, ఇందులో ఏం పోశావు?"

"నేనా? నీకు జలుబు చేసినట్టుంది."

"ఆ చొక్కా చెయ్యి ఇలా పట్టు, చూద్దాం."

అతడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"చిన్న సీసానే మరదలా! నిన్న చూస్తే పిండి కంపు. ఇవాళ వైన్ కొనే హోటలాయన రుచి చూడ్డానికొస్తున్నాడాయె. కంగారుపడ్డా. అయినా తాగేవాడికేం తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

లేబుళ్ల కట్ట పట్టుకుని అక్క వచ్చింది. "పోనీలేవే, ఇంట్లోవాళ్ల మధ్య రచ్చెందుకు? సంతకాలు పెట్టెయ్."

సెంటు కంటే ఆ "పోనీలేవే" ఆమెకు ఎక్కువ వెగటు పుట్టించింది. పొరపాటును క్షమించవచ్చు. దాన్ని కప్పడానికి తన పేరును గుడ్డపేలికలా అడగడాన్ని ఎలా క్షమించాలి?

తొట్టికి వేలాడే పలక మీద ఏ రోజు ఏం చేసిందీ రాయడం ఆమె నియమం. సుద్దముక్క తీసుకుని రాసింది: "తొమ్మిదో రోజు. గులాబీ సెంటు, ఒక సీసా. పోసినది బావ."

"చెరిపెయ్! హోటలాయన గేటు దగ్గరికొచ్చేశాడు!" అన్నాడు బావ.

"చెరిపి, కింద నువ్వే సంతకం పెట్టుకో."

బావ పలక వైపు చేయి చాచాడు గానీ, హోటలాయన అప్పటికే గుమ్మంలో నిలబడి దాన్ని చదువుతున్నాడు.

ముక్కమ్మ కుళాయి దగ్గరికి వెళ్లి, గూట్లోని సబ్బు తీసి మోచేతులదాకా రుద్దుకోసాగింది.

"అదేంటే, వైన్ ఇంకా అవలేదుగా!" అంది అక్క.

"నా పని అయిపోయిందక్కా."