మూడో చుట్టు

బెంగాల్ రేవు పేట గార్డెన్ రీచ్‌లో ఓడల కార్ఖానా గోడ వెనకున్న రెండు గదుల ఇంట్లో కృపాదానం గారు కృతజ్ఞత కూడిక పెట్టారు. అక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇది మామూలే. బిడ్డ పుట్టినా, జబ్బు నయమైనా, పరీక్ష గట్టెక్కినా చుట్టుపక్కలవాళ్లను పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేయించి, టీ ఇస్తారు. కారణాన్ని ప్రార్థనలో చెప్పాలి కనక పాస్టరు గారు ముందే అడిగి తెలుసుకుంటారు. ఈసారి అడిగితే, తను కట్టిన ముడి జారిపోయిందని కృపాదానం గారు చెప్పారట. మరి కృతజ్ఞత దేనికని పాస్టరు గారు మళ్లీ అడిగారట. దానికేనన్నారట ఆయన.

ఆ ముడి జారిన రోజున ఒడ్డున నిలబడి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే నన్నూ పిలిచారు.

కృపాదానం గారికి అరవై నాలుగేళ్లు. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో కళాసీగా చేరాడు. బరువులకు తాళ్లు కట్టి క్రేనుకు తగిలించే పని అది. పద్దెనిమిదో ఏట కొడుకూ అదే ముఠాలో చేరాడు. ఆ ముఠాకు ఒక పద్ధతి ఉండేది. బరువు నేల విడవకముందు ముఠా పెద్ద "ఎవులి ముడి?" అని అడిగేవాడు. కట్టినవాడు తన పేరు పైకి చెప్పాలి. మనిషి ఎక్కే తాడైతే కట్టినవాడే ముందు దానికి వేలాడి చూపాలి. ముడి జారితే, ఎవరూ అడగకముందే అతనే నోరు విప్పాలి. శిక్ష సంగతి ఆ తరవాత. అడిగాక చెప్పినవాణ్ణి మాత్రం ముఠాలో ఉంచుకునేవారు కారు.

రేవు పని మానేశాక ఆయన తొమ్మిదేళ్లుగా మౌసుమి అనే ఆమె దగ్గర పని చేస్తున్నారు. ఒకప్పుడు హిమాలయాలు ఎక్కిన మనిషి ఆమె. మెటియాబ్రుజ్ దాటాక నది పక్కన మూతపడిన ఒక ఇటుకబట్టీ స్థలాన్ని అద్దెకు తీసుకుని, ఆఫీసు ఉద్యోగులకు శిక్షణ శిబిరాలు నడుపుతోంది. మట్టి తవ్విన గొయ్యి నీరు నిండి చెరువైంది. దాని మీద తాళ్ల వంతెన, డ్రమ్ములతో కట్టుకునే తెప్పలు, ఒక చెక్క గోడ ఉంటాయి. జట్టుగా పని చెయ్యడం, నాయకత్వం వహించడం అక్కడ నేర్పుతారు.

ఇలాంటి శిబిరాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. సోమవారం ఒకరి మాట ఒకరు వినని మనుషులు శనివారం ఒకే తెప్ప ఎక్కినంత మాత్రాన మారతారని నమ్మడానికి నాకు ఆధారం ఏదీ దొరకలేదు. ఆ అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అక్కడ నాకు అందినది శిబిరం కార్యక్రమంలో లేనిది.

మా ఆఫీసు నుంచి ఆ శిబిరానికి వెళ్లిన జట్టుకు నాయకుడు తేజేశ్వర్. కరీంనగర్ నుంచి వచ్చి రెండేళ్లయింది. నెమ్మదస్తుడు, ఎదురు చెప్పని మనిషి. అతనికి పెద్ద బాధ్యత ఇవ్వాలా వద్దా అని ఆఫీసు ఆలోచిస్తున్న రోజులవి. ఆ శనివారం చూసి రాసుకోవడానికి ఒక అధికారిణి కూడా వచ్చింది. కృపాదానం గారికీ అది మామూలు శనివారం కాదని మాకు తరవాత తెలిసింది. తాళ్లు కట్టే పని సర్టిఫికెట్ ఉన్నవాళ్లే చెయ్యాలని బీమా కంపెనీ ఉత్తరం రాసింది. తొమ్మిదేళ్లలో ఆయన కట్టిన ఒక్క ముడీ జారలేదని మౌసుమి ఆయన తరఫున జవాబు పంపి, బదులు కోసం ఎదురు చూస్తోంది. ఆయన బదులు ఆ పని చెయ్యగల మనిషి పక్కనే ఉంది. పేరు కారుణ్య. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, కొండలెక్కడంలో శిక్షణ పొంది, సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్ల. ఆయన్ని తాతా అని పిలుస్తుంది.

వంతెనకు కింద నడిచే తాడు, పైన పట్టుకునే తాడు ఉంటాయి. ఇవి కాక మనిషి నడుముకు ఒక రక్షణ తాడు కడతారు. అది కారుణ్య చేతిలో ఉంటుంది. పై తాడును ఒడ్డున ఇనప స్తంభానికి కృపాదానం గారు చుట్టి ముడి వేస్తారు. దాని మీద జట్టు నాయకుడు చివరి బిగింపు ముడి వెయ్యాలి. ఆ రోజూ అలాగే జరిగింది. పొద్దున్న ఆయన తాడుకు వేలాడి చూశారు. తన పేరు చెప్పారు. తేజేశ్వర్ తన ముడి వేశాడు. తొమ్మిదిమంది దాటారు. చెరువు నీళ్లతో, చినుకులతో తాడు తడిసింది. చివరికి తేజేశ్వర్ సగం దాటేసరికి పై తాడు వదులై జారి నీళ్లలో పడింది. దానితో పాటు అతనూ పడ్డాడు. నడుము తాడు ఆపింది. మోకాలు కూడా గీసుకోలేదు.

ఒడ్డుకు వచ్చాక నవ్వులు మొదలయ్యాయి. తను వేసిన ముడికి తనే పడ్డ నాయకుడని ఎవరో అన్నారు. అధికారిణి ఏదో రాసుకుంది. తేజేశ్వర్ చొక్కా పిండుకుంటూ, తన ముడే సరిగ్గా పడలేదేమోనన్నాడు. అతనికి అలాగే తోచింది. రెండు ముళ్లూ విడిపోయాయి, ఎవరిది ముందు జారిందో చెప్పగల గుర్తు ఏదీ మాకు కనపడలేదు.

కృపాదానం గారు తాడు కొసను నీళ్లలోంచి లాగి అరచేతిలో పరచుకున్నారు. నైలాన్ తాడు బిగుసుకున్న చోట నొక్కులు పడి కాసేపటి దాకా పోవు. ఆయన వాటి మీద బొటనవేలు ఆనించి మెల్లగా జరిపారు. అక్కడున్నవాళ్లలో ఆ నొక్కుల్ని చదవగలిగినవాడు ఆయనొక్కడే. ఆ సమయంలో ఆయన ముఖం వైపు చూస్తున్నది కూడా బహుశా నేనొక్కణ్ణే. తాడును చుట్టచుట్టి పక్కన పెట్టేస్తే ఆ సంగతి అక్కడితో ముగిసేది. బీమా కంపెనీకి మౌసుమి రాసిన మాట అలాగే నిలిచేది.

"ముడి నాది," అన్నారాయన, అందరికీ వినపడేలా. "నైలాన్‌కి మూడు సుట్లు ఎయ్యాల. రెండే ఏసినాను. ఆ బాబు ముడి తప్పు నేదు. నా సుట్లు సరిగా ఉంటే అతగాడి ముడి నేకపోయినా ఆగుద్ది."

తరవాత అదే మాట మౌసుమికి బెంగాలీలో చెప్పారు. ఆ జరిగింది ఎలాగో కూడా ఆమె అడగ్గా వివరించారు. ఆయన చిన్నప్పుడు పట్టుకున్నది కొబ్బరి పీచు తాడు. గరుకుగా ఉంటుంది కనక దానికి రెండు చుట్లు చాలు. నలభై ఏళ్ల కిందటి లెక్క ఆ పొద్దున చేతుల్లోకి తిరిగి వచ్చింది. పొడిగా ఉన్నంతసేపు తాడు ఆగింది, తడిశాక జారింది. ఉత్తరం గురించిన దిగులు వల్లనా అని ఆమె అడిగితే, దిగులు వేరు, ముడి వేరన్నారు. ఇది బీమా కంపెనీకి తను రాయక తప్పదంది మౌసుమి. ఆయన తలూపారు. ఆ మధ్యాహ్నం వంతెనను కారుణ్య కట్టింది. ఆయన చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడ్డారు.

కట్టడం అయ్యాక ఆమె ఆయన వైపు తిరిగింది. "తాతా, అడగవేటి?"

"ఎవులి ముడి?" అని అడిగారాయన. ఆమె తన పేరు చెప్పి, తాడుకు వేలాడి చూపింది. మొదట దాటింది తేజేశ్వరే.

కర్త ఎవరన్న ప్రశ్న మీద నేను చాలా పుస్తకాలు చదివాను. చేసినది నాదని చెప్పుకోవడం అహంకారమని కొన్ని చెబుతాయి. ఫలం విషయంలో అది నిజం కావచ్చు. తప్పు విషయంలో మాత్రం, నాదని చెప్పనివాడు దాన్ని ఇంకొకరి భుజం మీద పెట్టి వెళ్లిపోతున్నాడు. ఆ తేడా ఇంతకాలం నాకు వాక్యంగానే తెలుసు. అది ఒక మనిషి అరచేతిలో తడితాడుగా కనపడినందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. కృపాదానం గారు మహానుభావుడని అనను. ఒక పని తప్పుగా చేసి, వెంటనే ఇంకో పని సరిగ్గా చేశారు. అంతే. ఆ రెండోది నేను తరచుగా చూడలేదు.

కూడిక రెండు వారాల తరవాత ఆదివారం సాయంత్రం జరిగింది. అప్పటికి బీమా కంపెనీ బదులు రాలేదనే మేమంతా అనుకుంటున్నాం. ఆయన భార్య కాంతమ్మ గారు టీ గ్లాసులు సర్దుతూ మాతో అంది: "ఉజ్జోగం ఉంటాదో పోతాదో తెల్దు గానీ, టీ మాత్రం నలభై మందికి పెట్టమన్నాడు ఈ మారాజు."

పాటలప్పుడు కారుణ్య పుస్తకం తెరిచి పట్టుకుంది కానీ కళ్లు అందులో లేవు. తెలుగు చదవడం రాదు, పాటలన్నీ నోటికి వచ్చు. ఒక మూల కృపాదానం గారి పక్కన కూర్చున్న తేజేశ్వర్ పాట మధ్యలో వంగి ఆయన చెవిలో చెప్పిన మాట పక్కనున్న నాకు వినపడింది. "తాతా, ఆ రోజు నువ్వు చెప్పకుంటే అందరు నాదే తప్పనుకుంటుండిరి. నేను గూడ గదే అనుకుంటుంటి."

పెద్ద ప్రార్థనకు ముందు మౌసుమి లేచి, ఒక్క మాట చెప్పవచ్చా అని అడిగింది. ముందు రోజు సాయంత్రం బదులు వచ్చిందంది. జరిగింది జరిగినట్టు, ఎవరు చెబితే తెలిసిందో దానితో సహా రాసి పంపానంది. ఆ బదులు ప్రకారం కృపా దా, అంటే కృపా అన్న, తాళ్లు కట్టవచ్చు, అయితే ప్రతి ముడినీ సర్టిఫికెట్ ఉన్న మనిషి కూడా చూడాలి, ఇద్దరి పేర్లూ పలకాలి. తొమ్మిదేళ్లు ముడి జారకపోవడం చూసి ఆయన్ని నమ్మానని, జారినప్పుడు ఏం చేస్తారో మాత్రం అప్పటిదాకా తనకు తెలియదని బెంగాలీలో చెప్పి కూర్చుంది.

కృపాదానం గారు కారుణ్య వైపు తిరిగారు. "మరి నీ ముడి ఎవులు సూస్తారు?"

"నువ్వే," అంది ఆ పిల్ల.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాస్టరు గారు తన చీటీ తీసి, అయితే పని నిలిచినందుకు అని ప్రార్థనలో చేర్చనా అని అడిగారు.

"దానికి ఇంకో కూడిక పెడదుం అయ్యగారూ," అన్నారు కృపాదానం గారు. "ఇయ్యాల ముడికే."

ఇంకో నలభై టీలు అని కాంతమ్మ గారు గొణిగింది. అందరం తలలు వంచాం.