వంటింటి కిటికీ బిల్లు

ఢిల్లీలో రాజ్యాంగం రాస్తున్న రోజుల్లో గురజాలలో మా ఇంటి అరుగు కూడా ఊరికే ఉండలేదు. మాచర్ల బండిలో పేపరు వచ్చేది. నాన్న దాన్ని చివరి అక్షరం దాకా చదివి, ఇకనుంచి మన ఇల్లు కూడా చట్టప్రకారమే నడవాలని తేల్చేశాడు. అధ్యక్షుడు ఆయనే. సభ్యులు మా పెదనాన్న, పక్కింట్లో ఉండే ఇంజన్ల మెకానిక్కు సాయిబు మామ, అమ్మ. నాకు వయసు చాలదని ఓటివ్వలేదు గానీ, గడప మీద కూర్చుని వినొచ్చన్నారు.

సభ సాయంత్రం కూడేది. ముందు ప్రశ్నలు, తర్వాత చట్టాలు. అమ్మది ఒకటే బిల్లు: వంటింటికి కిటికీ పెట్టాలి. ఆ గదిలో పొగ పోయే దారే లేదు. పొయ్యి ముందు కూర్చుంటే అమ్మకు కళ్ళు మండేవి, దగ్గు ఆగేది కాదు.

కానీ ప్రశ్నలు అయితే కదా! మొన్నటి పప్పుచారులో ఉప్పెందుకు తగ్గిందో ప్రభుత్వం చెప్పాలని పెదనాన్న లేచేవాడు. మీ గేదె మా గోడకే వీపెందుకు రుద్దుకుంటోందని సాయిబు మామ నిలదీసేవాడు. నాన్న ప్రతిదానికీ గొంతు సవరించుకుని వెనకటి వైస్రాయిల దగ్గర్నుంచి ఎత్తుకునేవాడు. ఈలోగా చీకటి పడేది. "బిల్లు వాయిదా" అని చెంబు మీద గరిటెతో కొట్టేవాడు. అలాగే ఎండలు పోయి వానలొచ్చాయి. నాకు నాన్న మీద ఒళ్ళు మండేది.

ఒకరోజు అమ్మ లేచింది.

"అధ్యక్షా, సభ వేళలు మార్చాల. రేపు పొద్దున్నే సభ. ముందు చట్టం, తర్వాతే ప్రశ్నలు. అరుగు మీదికి జల్లు కొడతంది, వంటింట్లో కూర్చుందాం."

"ఏందే? నిబంధనలు ఒప్పుకోవద్దూ?" అన్నాడు నాన్న.

"గారెలు, కోడికూర చేస్తన్నా."

నిబంధనలు ఒప్పుకున్నాయి.

మర్నాడు సభ్యులు పిలవకుండానే వచ్చేశారు. పెదనాన్న విస్తరాకు కూడా వెంట తెచ్చుకున్నాడు. అమ్మ అందర్నీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తలుపు మూసి, వానకు తడిసిన కందికంపను పొయ్యిలోకి తోసింది. బిల్లు అయ్యాకే గారె అంది.

నాన్న అలవాటు కొద్దీ "ఈ బిల్లు పూర్వాపరాలు..." అని మొదలుపెట్టి దగ్గులో పడిపోయాడు. సాయిబు మామ తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "చర్చ వద్దు బావా, ఓటు పెట్టు! దీనికంటే నా ఇంజన్ పొగ చానా నయం!" అని అరిచాడు. పెదనాన్న కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఎత్తేశాడు. మనిషికి ఒకటే ఓటని చెప్పే ఓపిక అధ్యక్షుడికి లేదు.

"ఏకగ్రీవం! తలుపు తియ్యవే!"

అమ్మ కదల్లేదు. "అమలు ఎప్పట్నుంచో చెప్పండి."

"ఇప్పుడే! గడ్డపార ఏదీ?"

నాన్నే గోడ మీద పడ్డాడు. కన్నం పడి పొగ బయటికి పోతుంటే, గడ్డపార పట్టుకుని అలాగే నిలబడి, "రోజూ ఇట్టాగే ఉంటదా?" అని అమ్మను అడిగాడు. అమ్మ ఆయన ఆకులో గారెలు వేసింది. ఆ పూట ఇంకెవరూ ప్రశ్నలు అడగలేదు. గోడ మట్టి పడ్డ కోడికూర నోరెత్తకుండా తిని వెళ్ళారు.

కిటికీకి చువ్వలు బిగించాక కొన్నాళ్ళకు, అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కాటుక పెడుతోంది. దగ్గర్నుంచి చూశాను. అమ్మ కళ్ళు తెల్లగా ఉన్నాయి. అప్పటిదాకా అమ్మల కళ్ళు ఎర్రగానే ఉంటాయనుకునేదాన్ని.