పదహారు గళ్లు, రెండు వరుసలు

అక్షరాలు, అంకెలు చూపించే ఆ చిన్న డిస్‌ప్లేలో రెండు వరుసలు, వరుసకు పదహారు గళ్లు. ఒక్కో గడిలో అడ్డంగా ఐదు, నిలువుగా ఎనిమిది, వెరసి నలభై చుక్కలు. అన్నీ కలిపితే పన్నెండు వందల ఎనభై. ఆ చుక్కలతో నేను, మా ఇంటికి వచ్చే ఒకే ఒక్క మనిషిని రాకుండా చేసుకున్నాను.

హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనం బేస్‌మెంట్‌లో నా ఉద్యోగం. జనరేటర్లు, పంపులు, ఏసీ ప్లాంటు చూసుకోవాలి. గంట గంటకూ మీటర్లు చదివి పుస్తకంలో రాయాలి. పై అంతస్తుల్లో కొన్ని వేల మంది పని చేస్తారు. వాళ్లు లిఫ్టులో ఎక్కి దిగుతున్నంత కాలం నా అవసరం ఉందని ఎవరికీ గుర్తు రాదు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఫోను మోగుతుంది. నేను కాలేజీకి వెళ్లినవాణ్ని కాదు. లెక్కలు, వైరింగు, కాస్తో కూస్తో ప్రోగ్రాములు రాయడం పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. పెళ్లి కాలేదు. మియాపూర్‌లో రెండు గదుల ఫ్లాటు. దాంట్లో ఒక గది చాలా ఏళ్లు ఖాళీగానే ఉండేది.

ఏడాదిన్నర కిందట మా భవనంలో ఒక అంతస్తు మొత్తం విప్పి కొత్తగా ఫర్నిచర్ బిగించారు. ఆ పనికి వచ్చిన కార్పెంటర్‌తో టీ దగ్గర పరిచయమైంది. ఇంట్లో తాళం చెవులు పెట్టుకునే పలక ఒకటి చేసిపెట్టమని అడగబోయి, మాటల్లో చిన్నప్పటి వీడియో గేమ్ షాపుల సంగతి ఎత్తాను. అతని ముఖం వెలిగిపోయింది. బోరబండలో వాళ్ల గల్లీ చివర అలాంటి షాపు ఉండేదట. నాకు మా ఊళ్లో బస్టాండు వెనక ఉండేది.

"అన్నా, గా ఆట డబ్బా మనమే చేస్కుందం," అన్నాడు. "విప్పిన టేబుల్ చెక్కలు ఎట్లాగూ పారేస్తరు. అడుగుదం."

అడిగితే సరే అన్నారు. అలా ఆఫీసు బల్లల బూడిదరంగు చెక్కలతో మా ఆటపెట్టె తయారైంది. పాత మానిటరు, చిన్న కంప్యూటర్ బోర్డు, రెండు జాయ్‌స్టిక్కులు, పన్నెండు బటన్లు. చెక్క పనంతా అతనిది, వైరింగు నాది. ఖాళీ గదిలో పెట్టుకున్నాం. ఒకవైపు పలక మీద ఎవరో ఆఫీసు ఉద్యోగి అంటించుకున్న స్టికర్ తాలూకు జిగురు మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి అతను ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. బోరబండలో రైలెక్కి హఫీజ్‌పేటలో దిగి, షేర్ ఆటోలో వచ్చేవాడు. ఇద్దరు మనుషులు తన్నుకునే ఆట ఒకటే ఆడేవాళ్లం. అవతలివాణ్ని పూర్తిగా పడగొడితే గెలుపు. ఎవరూ పడకుండా సమయం అయిపోతే, ఎవరికి ఎక్కువ ప్రాణం మిగిలి ఉంటే వాళ్లది గెలుపు. ఎవరైనా మధ్యలో లేచిపోయినా ఆట ఆగదు, ఓడినట్టే లెక్క. ఓడినవాడు టీ పెట్టాలి. నేను పెట్టిన టీ తాగి అతను ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "అన్నా, గిది టీ కాదు, జనరేటర్ నీళ్లు."

ప్రతి పోటీ ఎవరు గెలిచారో, ఎలా ముగిసిందో కంప్యూటరు ఒక ఫైలులో రాసుకునేలా ప్రోగ్రాము చేశాను. అది చాలక పక్కన నా నోటుపుస్తకం. మీటర్ల అలవాటు. మధ్యలో ఏదైనా తేడా జరిగితే దాని పక్కన చిన్న గుర్తు పెట్టేవాణ్ని.

అలా ఏడాది నిండబోతుండగా కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు వెళ్లి ఈ డిస్‌ప్లే తెచ్చాను. ఆటపెట్టె నుదుటి మీద, మానిటరుకు పైన, దాన్ని పెట్టి ఇప్పటిదాకా ఎవరెన్ని గెలిచారో చూపించాలని ఆలోచన. అతనికి ముందుగా చెప్పలేదు. దాని కోసం చెక్కలో కిటికీ కోయడానికి కొలత మాత్రం ఇచ్చాను: డెబ్బై ఒక్క మిల్లీమీటర్లు, ఇరవై నాలుగు మిల్లీమీటర్లు.

"ఏం వెడ్తున్నవ్ అన్నా ఇండ్ల?"

"చూస్తావులేప్పా."

"దేవుని ఫోటోనా?"

"కొయ్యప్పా ముందు."

నాలుగు మూలలూ ఆకురాయితో రుద్ది, వేలు పెట్టి గరుకు లేదని చూసుకుని వెళ్లాడు.

ఆ వారమంతా డ్యూటీ అయ్యాక దాని మీదే కూర్చున్నాను. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు పై వరుసలో పదహారు నల్ల గళ్లు తప్ప ఏమీ రాలేదు. కాలిపోయిందనుకున్నాను. వెనక నీలంరంగు చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే అక్షరాల ముదురుతనం మారుతుందని తర్వాత తెలిసింది. దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప రావు. కానీ మనం గీసిన బొమ్మలు ఎనిమిదింటిని మాత్రం దాచుకుంటుంది. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ 'అన్న'కు రెండు బొమ్మలు, 'తమ్మి'కి మూడు గీశాను. న్న కింది ఒత్తుకు రెండే వరుసలు మిగిలాయి. ఆ ఒక్క ఒత్తు తొమ్మిదిసార్లు దిద్దాను.

ఆదివారం అతను వచ్చాడు. స్విచ్ వేశాను. ఆకుపచ్చ వెలుతురులో పై వరుసలో అన్న 329, కింది వరుసలో తమ్మి 282.

"అరె, తెలుగుల వచ్చిందే!" అని దగ్గరికెళ్లి చూశాడు. 'తమ్మి' మీద వేలు పెట్టాడు. తర్వాత అంకె చదివాడు. "గన్ని ఓడిపోయిన్నా నేను?"

"ఆరు వందల పదకొండు పోటీలు ఆడినాం. మన తేడా నలభై ఏడే."

"నాకు గట్ల అనిపియ్యలే అన్నా. బరాబరి ఉన్నమనుకున్న."

ఇక్కడ నేను ఊరుకోవలసింది. లెక్క మీద అనుమానం వస్తే ఊరుకోలేను. నోటుపుస్తకం తెచ్చి చూపించాను. "దీంట్లో ముప్పై ఒకటి నువ్వు ఫోను వచ్చి మధ్యలో లేచిపోయినవి. ఇదిగో, పక్కన 'ఫో' అని రాసినా. లేచిపోతే ఓటమే కదా. అందుకే నీకు అట్ల అనిపిస్తాంది."

అతను పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు. ఆ ఫోన్లు ఎక్కడివో నాకు తెలుసు. అతన్ని పెంచింది వాళ్ల అక్క. ఆ ఏడాది ఐదు నెలలు ఆమె దవాఖానలో ఉంది. పగలంతా అక్కడ ఉండే వాళ్ల బావ, ఆదివారం సాయంత్రం ఏదో ఒకటి చెప్పడానికి ఒకటి రెండుసార్లు చేసేవాడు. అతను బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. ఐదో నెల చివర ఆమె పోయింది. నేను ఫోనులో పలకరించాను. డ్యూటీ మార్చుకునే వీలు కుదరక వెళ్లలేదు.

"అక్క ఫోన్లు గుడ లెక్కల కట్టినవా అన్నా?" అన్నాడు.

నేనేదో అన్నాను. రూలు రూలే కదా అన్నట్టున్నాను. అతను పుస్తకం మూసి ఇచ్చాడు. మూడు పోటీలు ఆడాడు. మూడింట్లోనూ చేతులు ఒళ్లో పెట్టుకుని, తన మనిషిని కదలకుండా నిలబెట్టాడు. పైన అంకె 330 అయింది, 331, 332. "ఇగ పోతనన్నా, రైలుకు టైమైంది," అని లేచాడు. రైలుకు ఇంకా గంటన్నర ఉంది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఫోను చేస్తే "పనున్నదన్నా" అన్నాడు. మూడో వారం నేను తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను. ఆ ముప్పై ఒకటీ, అతను చేతులు కట్టుకుని ఓడిన ఆ మూడూ తీసేసి, డిస్‌ప్లేలో 298 అని మార్చి, అతనికి ఫోను చేశాను.

"తీసేసినానప్పా. ఇప్పుడు తేడా పదహారే."

అతను చిన్నగా నవ్వాడు. "నీకు సమజ్ కాలే అన్నా," అని పెట్టేశాడు.

ఆ రోజు కంప్యూటరులోని ఫైలును, నోటుపుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. అర్థం కాలేదన్నాడు కాబట్టి ఎక్కడో లెక్క తప్పి ఉంటుందని. ఆ ముప్పై ఒక్క పోటీలూ ఒక్కొక్కటిగా, అవి ఎలా ముగిశాయో చూశాను. ఇరవై రెండు సమయం అయిపోయి ముగిశాయి. మిగిలిన తొమ్మిదింటిలో అతని మనిషి పడిపోయాడు.

సమయం దానంతట అదే అయిపోతుంది. మనిషి తనంతట తానే పడడు. అతను బాల్కనీలో అక్క గురించి వింటున్నప్పుడు, కదలకుండా నిలబడ్డ అతని బొమ్మను నేను తొమ్మిదిసార్లు కొట్టాను. ఎందుకు కొట్టానో చాలాసేపు ఆలోచించాను. కోపం లేదు. గెలవాలనీ లేదు. బటను నా చేతి కింద ఉంది. అంతకు మించి కారణం దొరకలేదు.

అప్పుడే ఇంకో లెక్క తట్టింది. నా నోటుపుస్తకంలో ఎక్కడా లేనిది. ఆ ఏడాదిలో అతను మా ఇంటికి వచ్చింది నలభై మూడు ఆదివారాలు. నేను వాళ్లింటికి వెళ్లింది సున్నా.

ఆదివారం బయలుదేరాను. ఆదివారాలు రైళ్లు తక్కువ. హఫీజ్‌పేట ప్లాట్‌ఫారం మీద యాభై నిమిషాలు కూర్చున్నాను. నా దగ్గరికి రావడానికి అతను ఇలాగే కూర్చుని ఉంటాడని అప్పటిదాకా అనుకోలేదు. బోరబండలో దిగి, అతను కబుర్లలో చెప్పిన గుర్తులు పట్టుకుని అడుగుతూ వెళ్లాను. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటి మెట్ల మీద ఒక పెద్దావిడ బియ్యం ఏరుతోంది.

"ఎవలు గావాలె బిడ్డా?"

చెప్పాను.

"పనికి పొయిండు. ఈ నడ్మ ఆదివారం గుడ పోతుండు. ఇంట్ల ఉండబుద్ది గాదంటడు. గా అక్కనే కదా వానికి అన్నీ." చాట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు ఆట డబ్బా సారువా?"

అవునన్నాను. ఆవిడ మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను.

సాయంత్రం అతనే ఫోను చేశాడు.

"వచ్చినవంట."

"వచ్చినా."

"ఎందుకు?"

"నువ్వు ఫోనులో ఉన్నప్పుడు తొమ్మిదిసార్లు నేను కొట్టినానప్పా. ఫైలులో చూసినా. అది చెప్దామని."

"నాకు తెల్సన్నా."

"ఎట్ల?"

"బాల్కనీ తలుపుకు అద్దమున్నది కదా. అండ్ల డబ్బా టీవీ కనవడ్తది. నువ్వు కొట్టేది కనవడ్తది."

అతనే మళ్లీ అన్నాడు: "కొడ్తె కొట్టినవ్ తియ్. ఆటనే కదా. నేను లోపలికొస్తె, నువ్వు స్కోర్ చెప్తుంటివి. ఒక్కపారన్న ఏమన్నరని అడగకపోతివి."

నిజమే. నలభై మూడు ఆదివారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాటే అతనితో అన్నాను. ఆ తర్వాత, ఇప్పుడు అడగొచ్చో లేదో తెలియకుండానే అడిగాను. "మీ అక్క ఎట్లుంటుండె?"

"ఇప్పుడడుగుతున్నవా?" అన్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టెయ్యలేదు. ఆమె చాలా పొట్టిదని, వంటింటి అలమార పై అర అందేది కాదని, తను పని నేర్చుకున్నాక మొట్టమొదట చేసింది అక్కకు ఒక చెక్కపీట అని చెప్పాడు. ఆ పీట ఇప్పుడూ వంటింట్లోనే ఉందట. పై అర అందనివాళ్లు ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

"మళ్లా వస్తావా ఆదివారం?" అని అడిగాను చివరికి.

"చూద్దం అన్నా," అన్నాడు. "తెల్వది."

"ఆ డిస్‌ప్లే తీసేస్తా."

"తియ్యకు. బొక్క మిగుల్తది. మస్తు సాఫ్ కోసిన దాన్ని."

తీయలేదు. వెనకనున్న నీలం మరను తిప్పుకుంటూ పోయాను. అక్షరాలు పలచబడి, పలచబడి కనబడకుండా పోయాయి. అతను నున్నగా రుద్దిన కిటికీలో ఇప్పుడు ఆకుపచ్చ వెలుతురు తప్ప ఏమీ లేదు. ఆ గదిలో రెండు స్టూళ్లు ఉన్నాయి. నేను ఎప్పుడూ ఎడమవైపుదాని మీదే కూర్చుంటాను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం హఫీజ్‌పేటలో రైలు ఎన్నింటికో కనుక్కున్నాను. అతను ఇంట్లో ఉంటాడో లేదో తెలియదు. ఈసారి ముందుగా ఫోను చేసి అడుగుతాను. పనికి వెళ్తున్నానంటే, ఎక్కడ పని అని అడుగుతాను.