గంపెత్తిన అమ్మాయి ముఖచిత్రం

1982 వేసవిలో నేను విశాఖపట్నంలో ఒక వారపత్రికకు సబ్ ఎడిటర్‌ని. వార్తలు దిద్దడంతో పాటు ముఖచిత్రం బాధ్యత కూడా నాదే. ఫొటో ఎంచి, ఆర్టిస్టు చేత సిద్ధం చేయించి, జింకు రేకు మీద బ్లాకు, అంటే అచ్చుదిమ్మ, చేయించి అచ్చుకు పంపేదాకా నేనే చూడాలి.

ఆ ఏడు ఒక కాలేజీ నాటక బృందం తమ నాటకాన్నే చిన్న సినిమాగా తీసింది. పొద్దున్నే హార్బర్‌లో చేపలమ్మి, ఆ తరువాత క్లాసుకు వచ్చే అమ్మాయి కథ అది. దర్శకుడు రమణ కూడా విద్యార్థే. సీతమ్మధారలో ఒక హాలు యజమాని వాళ్లకు ఆదివారం ఉదయం ఒక్క ఆట ఇచ్చాడు. జనం వస్తే పై ఆదివారం కూడా వేస్తానన్నాడు, రాకపోతే అంతటితో సరి. గోడపత్రికలు వేసే స్తోమత వాళ్లకు లేదు. మా ముఖచిత్రమే వాళ్ల ప్రచారమంతా.

నాయిక పార్వతి ఫొటో తెచ్చిచ్చారు. తలపై గంప, వెనుక పడవలు. మా ఆర్టిస్టు నరసింహం గారు అలవాటు ప్రకారం రీటచ్ చేశారు. అంటే ఫొటో మీద సన్నని కుంచెతో తెల్లరంగు అద్ది ముఖాన్ని తేటపరచడం. తెల్లతోలు మోజు ఒక్కటే దానికి కారణం కాదు. మా చవక కాగితం సిరా పీల్చి, చామనచాయ ముఖాలను మసిమరకలుగా మార్చేది.

బొమ్మ చూడడానికి రమణ, పార్వతి ఆఫీసుకు వచ్చారు.

"ఇదేటి సార్, నాకు సున్నం కొట్టేసినారు?" అంది పార్వతి.

"కవరు మీద కళగా ఉండాలమ్మా," అన్నారు నరసింహం గారు.

"కళకేటి, బాగానే ఉంది. కానీ ఈవిడ సేపలమ్మే మనిషి కాదు బాబూ, ఎవులి గంపో సరదాకి ఎత్తినట్టుంది. ఈవిడ్ని సూసి జనం హాలుకొత్తారు. తెర మీద నాను కనబడితే ఆవిడేదని అడుగుతారు. మీరొచ్చి సెప్తారేటి?"

"ఊరుకో పార్వతీ. కవరు మీద ఏత్తన్నారు, అదే సాలు," అన్నాడు రమణ.

"నువ్వే ఊరుకో. ఆట పోతే ఏడిసేది నువ్వే."

నరసింహం గారు కుంచె కడుక్కుంటూ కిటికీ వైపు తిరిగారు.

ఎడిటర్ గారికి విషయం చెప్పాను. మరక పడనంతవరకు ఎలా వేసినా అభ్యంతరం లేదనీ, బ్లాకు మాత్రం సాయంత్రానికల్లా వెళ్లాలనీ అన్నారు. రీటచ్ చేయని ప్రతి ఇంకొకటి ఉంది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాను. పడవలు కూడా ముఖమంత ముదురుగానే ఉన్నాయి. చీకట్లో చీకటి కలిసిపోయింది. ముఖం ముట్టుకోవద్దనీ, పడవలకు తెల్లరంగు వేయమనీ నరసింహం గారిని అడిగాను. ముఖాలు వదిలి పడవలకు పూయడం ఇదే మొదలని నవ్వుతూ పనికి కూర్చున్నారు. సాయంత్రానికి కాగితం తెలుపు మీద ముఖం, గంప మాత్రమే మిగిలాయి. బ్లాకు మీద బొమ్మ పడేది సన్నని చుక్కలుగానే కాబట్టి, సిరా పాకి అవి కలిసిపోకుండా కాస్త ముతకగా ఉంచమని బ్లాకు పని చేసేవాడికి చెప్పి పంపాను.

ఆదివారం హాలుకు వెళ్లాను. వెనుక వరుసలు ఖాళీగానే ఉన్నాయి గానీ, ముందు భాగం నిండింది. హార్బర్ ఆడవాళ్లు కొందరు గుంపుగా వచ్చారు. వాళ్లలో ఒకామె గుమ్మం దగ్గర నిలబడిన పార్వతిని చూపించి, "అదిగో, పుస్తకం మీద పిల్ల," అంది పక్కనామెతో. ఆట అయ్యాక యజమాని రమణను పిలిచి, సినిమా డబ్బాలు తీసుకెళ్లనక్కర్లేదనీ, పై ఆదివారానికి ఇక్కడే ఉంచమనీ అన్నాడు.

పత్రిక అమ్మకం ఆ వారం పెరగలేదు, తగ్గలేదు. నా పనిలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ముఖం సరిగా పడదని ఎవరైనా అంటే, రిటైరయ్యేదాకా ముందు దాని వెనుక ఏముందో చూసేవాణ్ణి. చాలాసార్లు దిద్దవలసింది అక్కడే ఉండేది.