స్ట్రెచర్ మీది మనిషి

హనుమేశ్ వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఒక కన్నడ సీరియల్లో వేషాలు వేశాడు. మంటల్లో, వరదల్లో చిక్కుకున్నవాళ్లను ఫైరింజన్‌వాళ్లు కాపాడే సీరియల్ అది. అది ఆగిపోయాక సొంతూరు రాయచెర్లుకు తిరిగొచ్చి, సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనిలో కుదురుకున్నాడు.

ఈ మధ్య ఆ సీరియల్నే పిల్లల కోసం కార్టూన్‌గా తీశారు. అన్న కూతురు భూమిక ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"చిన్నాయనా, ఇది నువ్వు చేసిన సీరియలే కదా? దీంట్లో నువ్వు యాడుండావు?"

హెల్మెట్ పెట్టుకున్న బొమ్మొకటి తాడు పట్టుకుని బావిలోకి దిగుతోంది. హనుమేశ్ తడబడి, దాని మీదే వేలు పెట్టాడు.

నిజానికి అతను ఎవర్నీ కాపాడింది లేదు. మొహానికి మసి పూయించుకుని స్ట్రెచర్ మీద పడుకోవడమే అతని వేషం. కార్టూన్‌లో అలాంటి మనిషే లేడు, ఆ చోట కుక్కపిల్లను పెట్టారు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. మర్నాటికల్లా వీధి పిల్లలకు అతను హీరో అయిపోయాడు. సిగ్గేస్తున్నా కాదనలేదు.

ఒక ఆదివారం పొద్దున పిల్లలు అరుస్తూ వచ్చారు. వాన నీళ్లు నిలవడానికి చేలో తవ్వి, ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంటలోకి పక్కింటి వెంకటక్క గొర్రె జారింది. దాన్ని పట్టుకోబోయి ఆమె కూడా పడింది.

హనుమేశ్ అందరికంటే ముందు గట్టు చేరాడు. గొంతు దాకా నీళ్లలో వెంకటక్క పట్టాను గీరుతోంది, చేతులు జారిపోతున్నాయి.

"దిగు చిన్నాయనా!" అంది భూమిక.

అతనికి ఈత రాదు. కాళ్లు కదల్లేదు. "ఎవరన్నా రాండప్పా!" అని మాత్రం అరిచాడు.

పక్క చేలో కలుపు తీస్తున్న గంగాదేవి డ్రిప్ పైపు పీక్కుని వచ్చింది. ఒక కొస కంచె రాతికి చుట్టి, రెండో కొస గుంటలోకి విసిరింది.

"ఏందప్పా, చూస్తా నిలబడినావు? పట్టు!"

అప్పుడు పట్టుకున్నాడు. ఇద్దరూ లాగితే వెంకటక్క బయటపడింది. గొర్రె మునిగిపోయింది.

నీళ్లు నిండిన కళ్లు తుడుచుకుంటూ వెంకటక్క అతని చేతులు పట్టుకుంది. "నీ అరుపే వినపడె నాకు. నువ్వు రాకుంటే సచ్చిపోతాంటి నాయనా." గంగాదేవి పైపు చుట్టుకుని వెళ్లిపోయింది. హనుమేశ్ తలొంచుకున్నాడు.

సాయంత్రం భూమికను వెంటబెట్టుకుని వెంకటక్క ఇంటికి పోయాడు.

"అక్కా, నేను ఊరికే అరిసినా. భయమై నిలబడిపోయినా. నిన్ను బతికించింది గంగాదేవి."

వెంకటక్క అతని మొహంలోకి చూసింది. "అయ్యో, ఆయమ్మతో ఒక మాటన్నా చెప్పకపోతినే" అంటూ చెప్పులేసుకుని బయల్దేరింది. ఆమె తనను తిట్టి ఉంటే బాగుండుననిపించింది హనుమేశ్‌కు.

భూమిక మెల్లగా అడిగింది: "ఆ హెల్మెట్ బొమ్మ కూడా నువ్వు కాదా?"

"కాదమ్మా. నేను స్ట్రెచర్ మీద పండుకునేటోన్ని."

"మరి ఎందుకట్ల చెప్పినావు?"

హనుమేశ్ చూపు వాకిలి వైపు తిప్పుకున్నాడు. ఆ పిల్ల వెంకటక్క వెనకాల పరిగెత్తింది.

ఆ తర్వాత చాన్నాళ్లు హనుమేశ్ పిల్లలు ఆడుకునే వీధి తప్పించి, చుట్టు తిరిగి పనికి పోయేవాడు.