గుమ్మం బయట చెప్పులు

బోధన్‌లో ఒక కోర్టు అమీనా ఉండేవారు. వేలంలో అమ్ముడైన ఇళ్లను ఖాళీ చేయించి, కొన్నవాళ్లకు అప్పగించడం ఆయన పని. నేను వకీలు గుమాస్తాను, వారంటు కాగితాలు పట్టుకుని వెంట వెళ్లేవాణ్ని. ఎవరి ఇల్లయినా సరే, ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచాకే లోపలికి అడుగుపెట్టేవారు. వెళ్లగొట్టడానికి వచ్చి ఈ మర్యాద ఏమిటని నాకు ఒళ్లు మండేది. పని ఎప్పుడు ముగుస్తుందా అని తొందరపడుతూ నేను బూట్లతోనే తిరిగేవాణ్ని.

ఒకసారి చెరకు కాంటా దగ్గర ఒక ఇంటికి వెళ్లాం. ఆ ఇంటి అక్క ఏడవలేదు, తిట్టలేదు. కూలీలు బీరువా, మంచం, బిందెలు ట్రాలీ ఆటోలో వేస్తుంటే చూస్తూ నిలబడింది. మేము లోపలి గదులన్నీ చూసుకుని తాళం వేసేసరికి ఆటో వెళ్లిపోయింది. సామాన్లతో పాటు అమీనా చెప్పులనూ కూలీలు ఎక్కించేశారు. డ్రైవరుకు ఫోన్ చేసి ఆపిస్తానన్నాను.

"వద్దు తియ్. అన్నీ తీసినం గదా, గవి గూడ పోనీ," అన్నారాయన. ఎండకు కాలిన తారురోడ్డు మీద వట్టి కాళ్లతోనే బస్టాండు దాకా నడిచారు.

వారం తిరగకముందే ఆ అక్క కోర్టుకు వచ్చింది. పేపరులో చుట్టి తెచ్చిన చెప్పులు తీసి ఆయన ముందు పెట్టింది.

"మా సామాన్లల్ల వచ్చినయి సార్. మీవి మాకెందుకు," అని వెళ్లిపోయింది.

ఆయన వాటిని తొడుక్కోలేదు. నా బూట్లు ఎక్కడ దాచుకోవాలో తెలియక, నేను బెంచీ కింద కాళ్లు కదుపుతూ కూర్చున్నాను.